నాన్న ఊపిరి తీసుకునే చోటు

జూన్ 3, మంగళవారం

పెద్దనాన్న పళ్ళు మొత్తం తీసేశారు. ఈమధ్య చిగుళ్ళు వాచి నానా అవస్థ పడ్డాడు. మిగిలిన నాలుగూ ఎలాగూ పోయేవే, అన్నిటినీ ఒకేసారి సాగనంపేద్దాం అన్నాడట డాక్టరు. ఇంటికొచ్చి అద్దం ముందు నోరు తెరిచి, ఇక పక్కింటి చంటిదీ నేనూ ఒకటే, ఏది మెత్తగా ఉంటే అది పెట్టండి, అన్నాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

పళ్ళు లేని నోట్లో సాక్సఫోన్ మౌత్‌పీస్ నిలవదు. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నా ఊదేటప్పుడు జారిపోతాయట. సిమెంట్ ఫ్యాక్టరీ బ్యాండులో టెనర్ సాక్సఫోన్ ఆయనదే, నేను పుట్టక ముందు నుంచీ. నాన్నది ట్రంపెట్. నాది ఆల్టో సాక్సఫోన్, టెనర్‌కి చెల్లెలు లాంటిది. కాలేజీలో చేరిన ఏడాది పెద్దనాన్నే నేర్పాడు.

సాయంత్రం టెనర్ పెట్టె తెచ్చి నా మంచం మీద పెట్టాడు. బ్యాండులో ఆల్టోలు ఇద్దరున్నారు, టెనర్ ఒక్కటే, ఇక నువ్వే దిక్కు, అన్నాడు. నా ఆల్టో పెట్టె చేత్తో పట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

జూన్ 4

ఎంత బరువు! ఆల్టో గుండె ముందు పిల్లికూనలా ఒదిగి ఉండేది. ఇది కుడి తుంటి పక్కన వేలాడుతూ నడిస్తే మోకాలిని పొడుస్తోంది. మెడపట్టీ ఒరుసుకుని మెడ ఎర్రబడింది. మీటలు దూరదూరంగా ఉన్నాయి, చిటికెన వేలు అందడం లేదు.

కింది స్వరాలు ఊదితే నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు వచ్చాయి. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఎవరికే వాంతులు అని అడిగింది.

జూన్ 5

కింది పెదవి లోపల పళ్ళ గాట్లు. టీ తాగితే మండింది.

జూన్ 7, శనివారం

రిహార్సల్. క్యాంటీన్‌లో బల్లలు గోడకి జరిపి, తడిగుడ్డతో నేల తుడిచి కూర్చుంటాం. ఎంత తుడిచినా కుర్చీ లాగితే సన్నటి బూడిదరంగు గీత పడుతుంది. సిమెంట్ పొడి.

ఈరోజు నా పరువు పోయింది. స్లో మార్చ్ నాకు కంఠతా వచ్చు. ఎవరైనా పోయినప్పుడు శవయాత్రలో వాయించేది అదే. కాగితం తెరవకుండానే ధీమాగా మొదలుపెట్టాను. రెండో స్వరానికే బ్యాండు మొత్తం నా వైపు తిరిగింది. వేళ్ళేమో ఆల్టోవి, నోట్లో ఉన్నదేమో టెనర్. ఒకే మీటలు నొక్కినా దీనిలో వచ్చే స్వరం వేరు, కిందది. అందరూ ఒక ఇంట్లో ఉంటే నేను పక్కింట్లోకి దూరి కూర్చున్నాను.

డ్రమ్ము వాయించే వెల్డరుని అందరూ పిడుగు అంటారు. ఇలా వాయిస్తే శవం లేచి కూర్చుంటుంది చెల్లెమ్మా, అన్నాడు. నాన్న ట్రంపెట్ దించి, లేస్తే మంచిదేగా, వాళ్ళావిడ సంతోషిస్తుంది, అన్నాడు. బ్యాండ్ మాస్టారు కూడా నవ్వారు. ఆయన నవ్వడం అరుదు.

ఏడుపొచ్చింది. ఏడవలేదు.

జూన్ 9

పెద్దనాన్న పాఠం చెప్పడానికి వచ్చాడు. పళ్ళు లేక మాటలు సగం గాలికి పోతున్నాయి. ఆల్టోని కొరికినట్టు దీన్ని కొరుకుతున్నావు, ఇది కొరికించుకునే రకం కాదు, అన్నాడు. దవడ వదులు చెయ్యి, గొంతు తెరువు, కళ్ళజోడు తుడుచుకునే ముందు హా అని ఊదుతావే, ఆ గాలి కావాలి దీనికి, అన్నాడు. వేడిగా, నెమ్మదిగా, బోలెడంత.

నువ్వు తొందరమనిషివి, ఇది నిదానం మనిషి, దానికి నువ్వే సర్దుకోవాలి, అది నీకు సర్దుకోదు, అని కూడా అన్నాడు.

జూన్ 10

ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు గాజు పలక మీద హా అని ఊదుతున్నాను. ఆవిరి ఎంత వెడల్పు పడితే అంత మంచి గాలి. నా పనేమో సిమెంటుతో పోసిన క్యూబుల్ని నీళ్ళ తొట్టిలోంచి తీసి మెషిన్‌లో పెట్టి, ఎంత ఒత్తిడికి పగులుతాయో చూడడం. పగిలినప్పుడు మెషిన్ చిన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు నా టెనర్ కంటే శ్రుతిలో ఉంది.

జూన్ 13

బస్సులో పెట్టె అడ్డమని కండక్టరు గోల. దీనికీ టికెట్ తియ్యి, లేదంటే ఒళ్ళో కూర్చోబెట్టుకో అన్నాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ముందు సీటావిడ తొంగి చూసి, ఎన్నో నెలమ్మా, అని అడిగింది. బస్సంతా నవ్వు.

జూన్ 18

కింది బి-ఫ్లాట్ స్వరం పలికింది! పుక్కిలింత లేదు, ఉలికిపాటు లేదు. నేలలోంచి వచ్చినట్టు వచ్చింది. కిటికీ అద్దం సన్నగా అదిరింది. పప్పు కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగింది.

ఇంకో సంగతి. ఆల్టో వాయించినన్నాళ్ళూ నాన్న జి స్వరం అంటే నేను డి వాయించాలి. వాద్యాల కొలతలు వేరు. టెనర్‌కీ ట్రంపెట్‌కీ ఆ తేడా లేదు. ఆయన జి అంటే నాకూ జి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివి వినిపించేది నేనే. నాన్నకీ నాకూ ఒకే వస్తువుకి ఒకే పేరు ఉన్న సందర్భాలు తక్కువ.

జూన్ 21, శనివారం

ఇది రాయాలి. వివరంగా రాయాలి.

నాన్నని ఫ్యాక్టరీలో అందరూ తిత్తి అంటారు. కొలిమి తిత్తి. స్లో మార్చ్ మధ్యలో ట్రంపెట్‌కి పొడుగు స్వరాల వరుస ఒకటుంది, అక్కడ టెనరూ డ్రమ్మూ తప్ప మిగతావన్నీ ఆగుతాయి, దాన్ని ఆయన ఒక్క ఊపిరిలో వాయిస్తాడని పేరు. పక్క ఫ్యాక్టరీల బ్యాండుల వాళ్ళు కూడా వచ్చి విని, నోరు వెళ్ళబెట్టి పోయారు. చిన్నప్పుడు నేను కూడా స్కూల్లో చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

ఈరోజు పెద్దనాన్న ఆ వరుస దగ్గర ఆపి, ఇక్కడ మీ నాన్న ఊపిరి తీసుకుంటాడు, ఇక్కడ నువ్వు మాత్రం తీసుకోకూడదు, చచ్చినా సరే, అన్నాడు. నాన్న అక్కడ ఊపిరి తీసుకోడుగా అన్నాను. ఆయన చిగుళ్ళు కనిపించేలా నవ్వాడు. తీసుకోక చస్తాడా పిచ్చిమొహమా, మనిషన్నాక, అన్నాడు.

కిటుకు ఇది. నాన్న పెదవి తీసే క్షణానికి టెనర్ అదే స్వరాన్ని కింద పట్టుకుని కొంచెం పెంచాలి. నాన్న మళ్ళీ అందుకోగానే తగ్గించాలి. వినేవాళ్ళ చెవి ట్రంపెట్ ఆగలేదనే అనుకుంటుంది. పెద్దనాన్న తన ఊపిరి ఇంకెక్కడో, నాన్న గట్టిగా ఊదేచోట దొంగతనంగా తీసుకుంటాడు. ఇన్నేళ్ళుగా ఇదే. మాస్టారికి కూడా తెలియదట.

అయితే ఆ ఒక్క ఊపిరి ఇద్దరిది. బాధ కలగలేదు, ముచ్చటేసింది. అన్నదమ్ములు.

జూన్ 24

రిహార్సల్‌లో మొదటిసారి పట్టుకున్నాను. వెనక వరుసలో ఇప్పుడు నా కుర్చీ నాన్న పక్కనే. ఆయన ఊపిరి నా ఎడమ చెవిలో పడుతుంది. పట్టుకోగానే నాన్న నా వైపు చూడకుండా తన మోకాలితో నా కుర్చీని కొంచెం తట్టాడు.

ఇంటికొచ్చేదాకా నేల మీద నడవలేదు.

జూలై 1

నాన్న ఇంకోచోట కూడా ఊపిరి తీసుకున్నాడు. పెద్దనాన్న చెప్పని చోట. సిద్ధంగా లేకపోయినా ఎలాగో అందుకున్నాను.

జూలై 5

ఇంకో రెండు చోట్ల.

జూలై 8, మంగళవారం

ఆల్టో వాయించేటప్పుడు ముందు వరుసలో ఉండేదాన్ని. నాన్న నాకు వెనక నుంచి వినిపించే ట్రంపెట్, అంతే. ఇప్పుడు పక్కన కూర్చుంటే తెలుస్తోంది. ఊపిరి తీసుకున్నప్పుడు లోపల ఏదో గీసుకుంటున్న చప్పుడు. ఎండిన చెక్క మీద రంపం పెట్టినట్టు. పాట అయ్యాక ట్రంపెట్‌లోని ఉమ్ము ఒంపే నెపంతో తల వంచి, చాలాసేపు అలాగే ఉంటున్నాడు.

ప్యాకింగ్ సెక్షన్‌లో నాన్నకి ఇరవై ఏళ్ళ పైమాట. మూతి మీద గుడ్డ కట్టుకుంటే సరిపోతుందనుకునే మనుషులు.

జూలై 10

నాన్న ఊపిరి గురించి పెద్దనాన్నని అడిగాను. వినిపించనట్టు, మౌత్‌పీస్‌కి బిగించే రీడ్ మీద నూగు గీకుతూ కూర్చున్నాడు. మళ్ళీ అడిగితే, రెండేళ్ళుగా అలాగే ఉంది, నేనే సర్దుకుంటూ వచ్చాను, అన్నాడు. మరి చెప్పలేదేం అన్నాను. ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి, వాడు బయట తిత్తి, ఆ పేరు లాగేస్తే వాడి దగ్గర ఇంకేం మిగులుతుంది, అన్నాడు. నువ్వూ సర్దుకో, చదువుకున్నదానివి, ఆమాత్రం తెలియదా అన్నాడు.

చదువుకున్నదానివి అనే మాట మా ఇంట్లో రెండు రకాలుగా వాడతారు. ఇది రెండో రకం.

జూలై 13, ఆదివారం

అమ్మ చెప్పింది. నాన్న పడుకోవడం మానేసి చాలా రోజులైందట. గోడకి దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతున్నాడట. డాక్టరు దగ్గరికి పోదామంటే, ఇది వెన్ను నొప్పే, దీనికి డాక్టరెందుకు అంటాడట. మీ నాన్నకి ఒక్కసారి చెప్పవే, నువ్వు చెబితే వింటాడు, అంది.

మధ్యాహ్నం చెప్పాను. చొక్కాకి బొత్తాం కుట్టుకుంటూ విన్నాడు. మొన్న రిహార్సల్‌లో చూశావుగా, ఆ వరుస మొత్తం ఒక్క ఊపిరిలో లాగాను, ఊపిరి లేనివాడు అలా ఊదుతాడా, చెప్పు, అన్నాడు.

నా మొహంలోకి చూసే అన్నాడు. ఆ ఊపిరులన్నీ పక్కన కూర్చుని కప్పింది నేను. నాకు తెలుసని ఆయనకి తెలుసు. అయినా అన్నాడు. దారం పళ్ళతో పుటుక్కున కొరికి లేచి వెళ్ళిపోయాడు.

జూలై 14

నిజంగా నమ్ముతున్నాడా? మాస్టారు, పిడుగు, ఊరంతా నమ్మి ఆయనకి తిరిగి చెబుతుంటే నమ్మేసి ఉంటాడా?

జూలై 22

మాస్టారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. మీ పెద్దనాన్న వాయించినట్టే ఉంది, కళ్ళు మూసుకుంటే తేడా తెలియడం లేదు అన్నారు. దవడ వదులైంది. గాలి నిండుగా పోతోంది. టెనర్ ఇప్పుడు నా మోకాలిని పొడవడం లేదు, అది ఎక్కడ కూర్చోవాలో దానికి తెలుసు.

తర్వాత మాస్టారు నాన్నతో, నీ ఊపిరి వయసుతో పాటు పెరుగుతోందేంటయ్యా, అన్నారు.

నేను ఎంత బాగా వాయిస్తే నాన్న అంత ఆరోగ్యంగా వినిపిస్తాడు.

జూలై 26

పై వాక్యం నాలుగు రోజులుగా తలలోనే తిరుగుతోంది. క్యూబ్ మెషిన్‌లో పెట్టి మీట నొక్కడం మరిచిపోయి నిలబడ్డాను. ల్యాబ్ ఇన్‌ఛార్జి వచ్చి, అది నువ్వు చూస్తే పగలదమ్మా, నొక్కితే పగులుతుంది, అన్నాడు.

ఆగస్టు 2, శనివారం

ఈరోజు పట్టుకోకూడదనుకుని వెళ్ళాను. రిహార్సలే కదా, బయటివాళ్ళు ఉండరు. ఒక్కచోట వదిలేస్తే చాలు, మాస్టారికి వినబడుతుంది, ఆయన ఊరుకోరు, డాక్టరు దగ్గరికి పంపిస్తారు.

ఆ చోటు వచ్చింది. నాన్న పెదవి తీశాడు. నా గాలి దానంతటదే పెరిగింది. ఆ గాలి నాది కాదు, పెద్దనాన్నది.

నాన్న మోకాలితో కుర్చీ తట్టాడు.

ఆగస్టు 5, మంగళవారం

నాన్న జతగాడు పోయాడు. ప్యాకింగ్‌లో ఒక్కో బస్తాకీ చెరో కొస పట్టుకుని ఇన్నేళ్ళూ లారీకెత్తినవాడు. చివరి ఆరు నెలలూ దగ్గుతో మంచం పట్టాడు. నాన్న చూడడానికి వెళ్ళినప్పుడల్లా, రేపు డ్యూటీకి వస్తా, నా కొస ఎవడికీ ఇవ్వకు, అనేవాడట.

కబురు విని నాన్న ట్రంపెట్ తీసి తుడుస్తూ కూర్చున్నాడు. రిహార్సల్ లేదు. రేపు నేరుగా శవయాత్ర.

అదే రోజు, సాయంత్రం ఆరు

అమ్మతో నాన్న అంటుంటే విన్నాను. వాడికి ఆ వరుస ఒక్క ఊపిరిలో వినిపించి పంపిస్తా, అన్నాడు.

ఆగస్టు 6, బుధవారం

బ్యాండుతో పాటు నడుస్తూ వాయించాలి. రెండు వందల అడుగులకే నాన్న మొహం బూడిదరంగయింది. సిమెంట్ పొడి కాదు, మొహమే. మెయిన్ గేటు దాటాక ఎత్తు రోడ్డు. లారీలు ఆపేశారు. డ్రైవర్లు దిగి నిలబడ్డారు. జతగాడి భార్య ముందు నడుస్తోంది, ఏడవడం లేదు, తల కూడా తిప్పడం లేదు.

నాన్న ఇప్పుడు ప్రతి రెండు అడుగులకీ ఊపిరి తీసుకుంటున్నాడు. నేను ప్రతిసారీ పట్టుకుంటున్నాను. నా ఊపిరి నాకు మిగలడం లేదు. బయటివాళ్ళకి మాత్రం ట్రంపెట్ తెగకుండా వినబడుతోంది. రోడ్డు పక్కన ఎవరో, తిత్తి తిత్తేరా, అనడం వినిపించింది.

ఆ మాటతో నాన్న వెన్ను నిటారుగా అయింది. పొడుగు వరుస మొదలుపెట్టాడు. జతగాడు పాడె మీద మా ముందే ఉన్నాడు. వచ్చేసారి ఇదే రోడ్డు మీద ఎవరిని మోస్తారో నాకు కనిపించింది. నేను ఇలాగే పక్కన నడుస్తూ, ఇంత శ్రద్ధగా స్వరం పట్టుకుంటూ, ఆయన్ని అక్కడిదాకా తీసుకెళ్తాను.

నాన్న పెదవి తీశాడు.

నేను మౌత్‌పీస్ నోట్లోంచి తీసేశాను.

అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. డ్రమ్ము కూడా ఆగింది. ఆ ఖాళీలో నాన్న ఊపిరి ఒక్కటే. రంపం. లోపలికి వెళ్ళడానికి దారి వెతుక్కుంటూ, ఎక్కడో ఆగి, మళ్ళీ గీసుకుంటూ. అందరూ విన్నారు. మాస్టారు విన్నారు. జతగాడి భార్య ఆగి వెనక్కి తిరిగింది. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. ఆరు నెలలు ఇంట్లో విన్నదే.

నాన్న మళ్ళీ ట్రంపెట్ పెదవికి పెట్టాడు. స్వరం రాలేదు. దించాడు.

వరుస సగంలో ఉంది. దాన్ని అక్కడ వదలకూడదు. ఆయన స్వరాలూ నా స్వరాలూ ఒకటే కాబట్టి, ఆయన ఆగినచోట అందుకుని నేను వాయించాను. శ్మశానం దాకా వాయించాను. ఊపిరి అవసరమైనచోటల్లా దాచకుండా, అందరికీ వినబడేలా తీసుకున్నాను. నాన్న ట్రంపెట్ చంకలో పెట్టుకుని నా పక్కన నడిచాడు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

ఆగస్టు 7

నాన్న మాట్లాడలేదు.

ఆగస్టు 8

మాట్లాడలేదు. నేను పెట్టిన అన్నం తిన్నాడు. మజ్జిగ అడగాల్సి వస్తుందని మజ్జిగ లేకుండానే లేచాడు.

ఆగస్టు 10, ఆదివారం

పెద్దనాన్న వచ్చాడు. కొత్త కట్టుడు పళ్ళు, మాట ఇప్పుడు స్పష్టంగా ఉంది, తిట్లు కూడా. ఇన్నేళ్ళు నేను కాపాడింది రెండు నెలల్లో నడిరోడ్డు మీద పారేశావు, అదీ చావు దగ్గర, నీకు ఆ పెట్టె ఇచ్చిన చేతులు నరుక్కోవాలి, అన్నాడు. నేను తల వంచుకుని విన్నాను. ఆయన అన్నవాటిలో తప్పేమీ లేదు. చావు దగ్గరే చేశాను.

అమ్మ కూర తరుగుతోంది. బావగారి ముందు అమ్మ గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ కూడా గట్టిగా మాట్లాడలేదు. మీరు పట్టుకున్నది పాటని బావగారూ, ఆయన్ని ఎవరు పట్టుకున్నారు, అంది. తల ఎత్తకుండానే అంది.

పెద్దనాన్న పళ్ళు తీసి జేబులో వేసుకుని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడని ఆలస్యంగా తెలిసింది.

లోపలి గదిలో నాన్న ఉన్నాడు. అన్నీ వినే ఉంటాడు.

ఆగస్టు 11

అమ్మ నాతో, నిన్ను తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియడం లేదే, అంది. రెండూ వద్దన్నాను. తల దువ్వింది. చిన్నప్పటిలా గట్టిగా లాగి దువ్వింది.

ఆగస్టు 13, బుధవారం

నాన్న తనంతట తనే చొక్కా వేసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. నేను రానా అని అడిగాను. వాకిట్లో చెప్పులు వేసుకుని నిలబడ్డాడు. వెళ్ళడం లేదు. ఆ నిలబడడం నా కోసమని అర్థమై పరుగెత్తాను.

ఎక్స్‌రే తీసే గదిలో ఊపిరి బిగబట్టమన్నారు. తలుపు బయటికి వినబడింది. బిగబట్టలేకపోయాడు. మళ్ళీ తీశారు.

ఆగస్టు 19

రిపోర్టు వచ్చింది. ఎప్పటిలా నేనే చదివాను. నాన్న ఎదురుగా కూర్చున్నాడు. మధ్యలో ఒక వాక్యం దగ్గర ఆగాను. దాన్ని దాటేసి కిందికి పోవచ్చు, ఆయనకి తెలియదు. చదివాను. ఒక్క మాటా వదల్లేదు.

ఊపిరితిత్తుల్లో దుమ్ము గట్టిపడింది. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవాలి. ప్యాకింగ్ పని బంద్. ట్రంపెట్ బంద్.

ప్యాకింగ్ మాటకి నాన్న తల ఊపాడు. ట్రంపెట్ మాట ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. మూడోసారి అడగలేదు.

ఆగస్టు 25

నాన్నకి స్టోర్స్ గేటు దగ్గర కుర్చీ డ్యూటీ ఇచ్చారు. పిడుగు వెళ్ళి పలకరిస్తే, కూర్చుని జీతం తీసుకోవడం ఆఫీసర్లకే అనుకున్నా, నాకూ వచ్చింది ఆ యోగం, అన్నాడట. పిడుగు నాకు చెబుతూ నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఆగస్టు 30, శనివారం

ఇవాళ మాట్లాడాడు. నేను రీడ్ నానబెడుతున్నాను. గుమ్మంలో నిలబడి, ఆ రోజు పొరపాటున ఆగావా, కావాలనా, అని అడిగాడు. కావాలనే నాన్నా, అన్నాను.

మీ పెద్దనాన్న అయితే చచ్చినా ఆ పని చేసేవాడు కాదు, అన్నాడు.

నేను రీడ్‌ని నీళ్ళలో ఇటు తిప్పాను. ఆయన కదల్లేదు. అందుకే, అన్నాడు. అందుకే ఏమిటో చెప్పలేదు. అది మెచ్చుకోవడమో తెగతెంపులో నాకు తెలియలేదు.

వెళ్తూ వెళ్తూ, శ్మశానం మలుపులో వేగం పెంచావు, ఎవరూ తరమడం లేదుగా, అన్నాడు.

సెప్టెంబరు 13

కొత్త ట్రంపెట్ వచ్చాడు. వర్క్‌షాపు ఫిట్టరు. చక్కటి ఊపిరి. పొడుగు వరుసని రెండుచోట్ల నిజాయితీగా విరిచి వాయిస్తాడు, ఆ విరుపులు మాస్టారే పెట్టించారు. నా సాయం అక్కర్లేదు. నాన్న ఊపిరి తీసుకునే చోటు అతనికి మామూలు చోటు.

నా టెనర్ అక్కడ ఇంకా పెరుగుతోంది. మాస్టారు కర్ర ఆపి, అక్కడ ఏమీ లేదమ్మా, ఎందుకు ఎత్తుతున్నావు, అన్నారు. అలవాటు సార్ అన్నాను. తగ్గించుకోమన్నారు.

సెప్టెంబరు 27

తగ్గించుకున్నాను. నోటితో చెప్పినంత తేలిక కాలేదు. ఇంత పెద్ద వాద్యానికి అలవాటు పడ్డంత పని అయింది.

అక్టోబరు 11, శనివారం

నాన్న రిహార్సల్‌కి వచ్చాడు. వెనక గోడకి ఆనుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. స్లో మార్చ్. పొడుగు వరుస. ఫిట్టరు ఊదుతూనే ఉన్నాడు. ఆ చోటు వచ్చేసరికి నా వెనక నాన్న ఊపిరి తీసుకున్నాడు.

పట్టుకున్నాను.